పైకప్పు స్పీకరు మూగవోయినప్పుడు

ఒకప్పుడు ఇంటిలో పాట వినవచ్చు చోటు ఒక్కటే. అది రేడియో పెట్టె. ముందు గుడ్డ తెర, దాని వెనుక కాగితపు కోను, ఆ వెనుక చిల్లుల అట్ట. గొంతు బొంగురుపోయినచో అట్ట విప్పి దుమ్ము దులిపెడివారు. అప్పటికిని లొంగనిచో స్పీకరును మార్పించెడివారు. పెట్టె బల్ల మీదనే యుండెడిది గనుక రోగమెక్కడనో చూపునకు, చేతికి అందెడిది.

నేడు పెక్కు ఇండ్లలో స్పీకరు బల్ల దిగి గోడకెక్కినది. గోడ నుండి పైకప్పులోనికి చేరినది. క్రింద కూర్చున్నవారికి తెల్లని గుండ్రని జాలీ తప్ప మరేమియు కనబడదు. అది మ్రోగుచున్నంత కాలము దాని యునికిని ఎవరును తలపరు. ఒకనాడు అది మూగవోవును, లేదా గరగర మనును. అప్పుడు ఇంటివారికి తోచు మొదటి మాట, క్రొత్తది తెచ్చి పెట్టింతమని. రెండవ మాట, జాలీ కొలత తీసికొనిపోయి అదే సైజుది తెచ్చిన చాలునని. ఈ రెండవ మాటలోనే చిక్కున్నది. పైన పటారము లోన లొటారము అని సామెత. స్పీకరు విషయమున దీనిని కొంచెము మార్చి చెప్పవలెను: పైన కనబడు పటారముతో మనకు పని లేదు, వెనుక వ్రాసియున్న లెక్కతోనే పని. ఆ లెక్క చూడక మార్చినచో నాలుగు వేల రూపాయల వస్తువును బాగుచేయబోయి నలుబది వేల వస్తువును పోగొట్టుకొనుట కలదు. ఏ లెక్కలు చూడవలెనో, ఏల చూడవలెనో వివరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

సినిమా ఊరిలోని ఇండ్లు

ఈ సమస్య అన్ని నగరములలో నున్నదే. కాని హైదరాబాదు జూబిలీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతములలో దీనికొక ప్రత్యేకత కలదు. తెలుగు చిత్రపరిశ్రమ మదరాసు నుండి క్రమముగా తరలివచ్చి స్థిరపడినది ఈ కొండల మీదనే. అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణ స్టూడియో 1976లో పొరుగుననున్న బంజారాహిల్స్‌లో ప్రారంభమైనది. తరువాత కృష్ణగారి పద్మాలయ స్టూడియో, రామానాయుడుగారి స్టూడియో ఈ ప్రాంతముననే వెలసినవి. వాటి వెంట ఎడిటింగు గదులు, డబ్బింగు గదులు, శబ్దమిశ్రణము చేయు థియేటర్లు వచ్చినవి. చిత్రములోని మాట, పాట, వాన చప్పుడు, గుఱ్ఱపు డెక్కల చప్పుడు ఒకచోట కూర్చి ఒకదానితో నొకటి పొసగించుట ఆ థియేటర్లలో జరుగు పని.

ఆ పనిలో 2012వ సంవత్సరము ఒక మలుపు. డాల్బీ సంస్థవారు అట్మాస్ అను పద్ధతిని ఆ యేడు ప్రవేశపెట్టిరి. అంతకు ముందు శబ్దము సాధారణముగా ప్రేక్షకుని ముందు నుండి, ప్రక్కల నుండి, వెనుక నుండి వచ్చెడిది. ఈ పద్ధతిలో తల మీద నుండియు వచ్చును. హెలికాప్టరు ఎగిరినచో పైకప్పు మీదుగా పోయినట్లే వినబడును. సినిమాహాలులో ఈ పద్ధతి 64 స్పీకరు వరుసల వరకు వేరు వేరుగా నడుపగలదు. ఆ అనుభవమును ఇంటికి తెచ్చుకొనవలెనను కోరికతోనే హోం థియేటరు గదుల పైకప్పులలో స్పీకర్లు అమర్చుట పెరిగినది. 5.1.2 అనియు, 7.1.4 అనియు వ్రాయు అంకెలలో చివరిదే ఆ పైకప్పు స్పీకర్ల సంఖ్య. మొదటి అంకె చెవి ఎత్తున చుట్టును ఉండు స్పీకర్లది. నడిమి అంకె మంద్రధ్వనికి ప్రత్యేకించిన సబ్‌ఊఫరుది.

ఇది ఒక జాతి. రెండవ జాతి, హాలులోను భోజనాల గదిలోను వరండాలోను సన్నగా సంగీతము వినబడుటకు పెట్టిన జంట స్పీకర్లు. మూడవ జాతి దుకాణములు, కార్యాలయములు, ఆసుపత్రులు, కల్యాణమండపములలో ప్రకటనలకై పెట్టునవి. ఈ మూడవ జాతివి ఒక్కొక్కప్పుడు ఇండ్లలోనికిని చేరుచుండును. పెద్ద బంగళాలలో అన్ని గదులకును ఒకే చోటినుండి పాట పంపవలసి వచ్చినప్పుడు వాటిని వాడుదురు. చూచుటకు మూడును ఒక్క తీరుననే యుండును. లోపలి స్వభావము మాత్రము వేరు. గొప్ప పొరపాటు జరుగునది ఇచ్చటనే గనుక ఈ సంగతిని ముందు మరల ఎత్తుకొందుము.

స్పీకరు ఏమి చేయును?

1925లో అమెరికా దేశపు ఇంజనీర్లు రైసు, కెల్లాగు అనువారు ప్రకటించిన నమూనాయే నేటికిని స్పీకర్లకు మూలము. ఒక అయస్కాంతము, దాని సందున వ్రేలాడు సన్నని రాగితీగ చుట్ట, ఆ చుట్టకు అంటించిన కోను. ఆంప్లిఫయరు నుండి వచ్చు విద్యుత్తు చుట్టలో ఇటు నటు మారుచు ప్రవహించును. చుట్ట ముందుకు వెనుకకు కదలును. కోను దానితో కదలి గాలిని త్రోయును. ఆ గాలి కదలికయే మన చెవికి పాట.

దీనినిబట్టి స్పీకరు చెడుటకు గల మార్గములును తెలియుచున్నవి. చుట్ట తీగ కాలి తెగవచ్చును. అప్పుడు పూర్తిగా మూగవోవును. కోను అంచున నుండు మెత్తని పట్టీ చీలవచ్చును. అప్పుడు గరగర వచ్చును. ఆ పట్టీ నురుగు పదార్థముతో చేసినదైనచో పది పదునైదేండ్లలో పొడియై రాలును; రబ్బరుదైనచో ఎక్కువ కాలము నిలుచును. కోను తడిసి వంకరపోయినచో చుట్ట అయస్కాంతపు సందులో ఒరసికొనును. పైకప్పు స్పీకరుకు తరచుగా ప్రాప్తించు కీడు ఈ తడియే. హైదరాబాదులో జూను నుండి సెప్టెంబరు వరకు వానలు. వేసవిలో 40 డిగ్రీలు దాటు ఎండకు పగులు వేసిన పై శ్లాబు నుండి ఆ వానలలో నీరు దిగును. ఆ నీరు ఫాల్సు సీలింగు మీద చేరి, అచ్చటనున్న ఏకైక రంధ్రమును వెదకికొనును. ఆ రంధ్రము స్పీకరుదే. దించిన స్పీకరు కోను మీద గోధుమరంగు మరకలు కనబడినచో క్రొత్త స్పీకరుకై బయలుదేరుటకు ముందు మేస్త్రీని పిలువవలెను. నీటి దారి మూయక స్పీకరును మార్చుట, కుండకు చిల్లి యుంచి నీరు నింపుటయే.

ముందు రోగమెక్కడనో తేల్చుకొనవలెను

ధ్వని రాలేదనగానే నేరము స్పీకరు మీద మోపరాదు. ఆంప్లిఫయరు, తీగ, స్పీకరు అని గొలుసునకు మూడు లంకెలు. ఏ లంకె తెగినను వినబడునది ఒక్కటే నిశ్శబ్దము. నిచ్చెన ఎక్కకుండనే సగము సంగతి తేల్చు ఉపాయమొకటి కలదు. ఆంప్లిఫయరును ఆపి, దాని వెనుకనున్న ఎడమ స్పీకరు తీగలను కుడిచోటను, కుడి తీగలను ఎడమచోటను తగిలించి మరల పెట్టి చూడవలెను. ఇంతకుముందు మ్రోగిన స్పీకరు ఇప్పుడు మూగయై, మూగది పలికినచో తప్పు ఆంప్లిఫయరుది, స్పీకరు నిర్దోషి. మూగది మూగగనే యున్నచో తప్పు తీగలోనో స్పీకరులోనో యున్నది.

రెండవ పరీక్షకు 1.5 వోల్టుల టార్చి బ్యాటరీ చాలును. ఆంప్లిఫయరు నుండి ఆ స్పీకరు తీగలను పూర్తిగా విడదీసి, వాటి కొనలను బ్యాటరీకి క్షణకాలము తాకించవలెను. పైకప్పు నుండి టక్కుమను చప్పుడు వచ్చినచో తీగయు బాగున్నది, పెద్ద కోను చుట్టయు బాగున్నది. చప్పుడు రానిచో స్పీకరును దించి, దాని కొసల వద్దనే బ్యాటరీని తాకించి చూడవలెను. అచ్చట పలికినచో దోషము తీగది. నగరములో ఫాల్సు సీలింగు పనులు చేయువారు తీగ చాలనప్పుడు నడుమ అతుకు వేసి టేపు చుట్టి వదలుట కద్దు. ఏండ్లు గడచినకొలది ఆ అతుకు చిలుము పట్టును.

మల్టీమీటరు గలవారికి మరింత సులభము. 8 ఓముల స్పీకరు మీటరులో సుమారు 6 ఓములు చూపును. 4 ఓములది సుమారు 3 చూపును. అంకె తగ్గినదని కలవరపడ నక్కరలేదు. స్పీకరు మీద వ్రాయునది ధ్వని ప్రవహించునప్పటి ఇంపీడెన్సు. మీటరు చూపునది చుట్ట తీగ యొక్క వట్టి నిరోధము. మీటరు ఏమియు చూపనిచో చుట్ట తెగినది. సున్న చూపినచో లోపల ఒకదానికొకటి తగులుకొన్నది. అట్టి స్పీకరును మరల ఆంప్లిఫయరుకు ఎంతమాత్రము కలుపరాదు. పదులు, వందల ఓములు చూపినచో అది మూడవ జాతి స్పీకరు కావచ్చును. ఆ విషయము ఇప్పుడు చెప్పుదుము.

గరగర వచ్చునప్పుడు ఇంకొక చిన్న పరీక్ష. పాట మ్రోగుచుండగా జాలీని వ్రేలితో మెల్లగా అదిమి చూడవలెను. గరగర ఆగినచో తప్పు కోనుది కాదు. జాలీయో, బిగింపు మరయో వదులైనది. మర బిగించుటతో పని తీరును.

నూరు వోల్టుల మాయ

ఇంటి ఆంప్లిఫయరు నుండి స్పీకరుకు పోవు విద్యుత్తు తక్కువ వోల్టేజీది. 8 ఓముల స్పీకరుకు 50 వాట్లు ఇచ్చునప్పుడు తీగపై నుండునది 20 వోల్టులే. దుకాణములు, మండపముల స్పీకర్ల పద్ధతి వేరు. అచ్చట ఒక ఆంప్లిఫయరు వందల అడుగుల దూరమున నున్న పదులకొలది స్పీకర్లను నడుపవలెను. తక్కువ వోల్టేజీతో అంత దూరము పంపినచో శక్తి తీగలోనే కరగిపోవును. కనుక విద్యుచ్ఛక్తిని దూరప్రాంతములకు ఎక్కువ వోల్టేజీతో పంపినట్లే, ధ్వనిని 100 వోల్టుల లైనుపై పంపుదురు. ప్రతి స్పీకరు వెనుక చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఉండి దానిని తగ్గించి చుట్టకు ఇచ్చును. మన దేశమున అహూజా వంటి సంస్థల ప్రకటన స్పీకర్లు ఈ పద్ధతివి.

ఇప్పుడు చిక్కు చూడుడు. పైకప్పులోనున్నది నూరు వోల్టుల జాతిది కాగా, జాలీ కొలత మాత్రమే చూచి ఇంటి జాతిదైన 8 ఓముల స్పీకరును తెచ్చి తగిలించితి మనుకొందము. 100 వోల్టులను 8 ఓముల మీద పెట్టినచో లెక్క ప్రకారము 1,250 వాట్లు పారవలెను. 40, 50 వాట్లు మాత్రమే భరించు చుట్ట ఏమగునో చెప్పనక్కర లేదు. చుట్ట కాలును, అంత బరువును లాగబోయి ఆంప్లిఫయరు కూడ దెబ్బతినవచ్చును. దాని వెంట ఆ లైనుపైనున్న గదులన్నియు మూగవోవును. తారుమారుగా చేసినచో ప్రమాదము లేదు గాని ప్రయోజనమును లేదు. 10 వాట్లకు అమర్చిన లైను స్పీకరు 1,000 ఓములుగా కనబడును. దానిని ఇంటి ఆంప్లిఫయరుకు కలిపినచో ఆ 20 వోల్టులకు అది గ్రహించునది అర వాటు కూడ ఉండదు. ఇంటివారు అది చెడిన సరకని దుకాణదారుని నిందింతురు. సరకు మంచిదే, సంబంధమే తప్పు.

గుర్తించుట కష్టము కాదు. స్పీకరు వెనుక చిన్న ఇనుప పలకల ట్రాన్స్‌ఫార్మరును, 2.5, 5, 10 అని వాట్ల గుర్తులుగల తీగలును ఉన్నచో అది నూరు వోల్టుల జాతి. అదే జాతిది తెచ్చి, పాతది ఏ వాట్ల గుర్తున కలుపబడియున్నదో క్రొత్తదానిని అదే గుర్తున కలుపవలెను. ఎక్కువ గుర్తున కలిపినచో ఆ గది మాత్రము బిగ్గరగా మ్రోగును. ఆంప్లిఫయరు మీద బరువును పెరుగును.

చూడవలసిన నాలుగు లెక్కలు

జాతి తేలిన తరువాత చూడవలసిన లెక్కలు నాలుగు. దుకాణమునకు పోవుటకు ముందే వీటిని ఒక కాగితముపై వ్రాసికొనవలెను. పాత స్పీకరును దించి వెంట తీసికొనిపోవుట మరింత మేలు.

మొదటిది ఇంపీడెన్సు. ఇది ఓములలో నుండును. ఇంటి స్పీకర్లలో సాధారణముగా 8 గాని, 6 గాని, 4 గాని. ఓములు తగ్గినకొలది ఆంప్లిఫయరు నుండి ఎక్కువ విద్యుత్తును లాగును. 8 ఓములకు తక్కువ కారాదని ఆంప్లిఫయరు వెనుక వ్రాసియుండగా 4 ఓములది పెట్టినచో మొదట బాగుగనే మ్రోగును. పెండ్లినాడో పండుగనాడో గంటలకొలది పెట్టినప్పుడు వేడెక్కి ఆగును. ఒకే జత కొసలకు రెండు స్పీకర్లు కలిపియున్న ఇండ్లలో మరింత జాగ్రత్త వహింపవలెను. 8 ఓములవి రెండు ప్రక్కప్రక్కన కలిపినచో 4 ఓములగును; 4 ఓములవి రెండు కలిపినచో 2 మాత్రమే. 2 ఓములను భరించు ఇంటి ఆంప్లిఫయర్లు అరుదు.

రెండవది వాట్లు. పెట్టె మీద పెద్ద అక్షరములతో అచ్చువేయునది తరచుగా క్షణకాలము మాత్రము భరింపగల శక్తి. మనకు కావలసినది ఎడతెగక భరించు శక్తి; అది ప్రక్కనే చిన్న అక్షరములతో నుండును. అది ఆంప్లిఫయరు ఇచ్చు శక్తికి సమానముగనో కొంత ఎక్కువగనో యుండుట మంచిది. ఆంప్లిఫయరు చిన్నదైనచో స్పీకరుకు భయము లేదనుకొనుట భ్రమ. చిన్న ఆంప్లిఫయరును శక్తికి మించి పెంచినప్పుడు ధ్వనితరంగపు శిఖరములు తెగిపోయి, ఆ తెగిన ధ్వని సన్నని స్వరముల స్పీకరును కాల్చును.

మూడవది రంధ్రపు కొలత, లోతు. 6.5 అంగుళముల స్పీకరన్నది కోను కొలత మాత్రమే. దానికి పైకప్పులో కోయవలసిన రంధ్రము సుమారు 8 అంగుళములుండును. అది కంపెనీని బట్టి మారును. కనుక అంగుళముల మాట విడిచి, కంపెనీవారు ఇచ్చిన రంధ్రపు కొలతను మిల్లీమీటర్లలో చూచి, మన రంధ్రముతో సరిపోల్చవలెను. లోతు మరచిపోవువారు ఎక్కువ. శ్లాబునకు, జిప్సం బోర్డునకు నడుమ సందు కొన్ని ఇండ్లలో నాలుగంగుళములే. అయస్కాంతము పెద్దదైనచో శ్లాబునకు తగిలి జాలీ క్రిందికి పొడుచుకొని వచ్చును.

నాలుగవది గ్రహణశక్తి. ఒక వాటు ఇచ్చి ఒక మీటరు దూరమున కొలిచిన ధ్వని ఎన్ని డెసిబెల్లులో కంపెనీవారు వ్రాయుదురు. ఒకదానికి 90, మరొకదానికి 87 ఉన్నచో, రెండవది మొదటిదానితో సమానముగా వినబడుటకు రెండింతల వాట్లు కావలెను. జంటలో ఒకటి పాతది, ఒకటి క్రొత్తది అయినప్పుడు ఈ తేడా బయటపడును. పాట ఒక ప్రక్కకు ఒరగినట్లుండును. అందుచే అదే నమూనా దొరకనప్పుడు జంటను జంటగనే మార్చి, మంచిగానున్న పాతదానిని మరొక గదికి పంపుట ఉత్తమము.

ఈ నాలుగింటితో పాటు కొసల సంఖ్యను చూడవలెను. సాధారణముగా స్పీకరుకు కొసలు రెండు. నాలుగు కొసలున్నచో అది ఎడమ, కుడి ధ్వనులు రెండింటిని ఒక్క స్పీకరే పలుకునట్లు చేసిన రకము కావచ్చును. స్నానాల గది, నడవ వంటి చిన్న చోట్లలో వీటిని పెట్టుదురు. దాని స్థానమున మామూలు స్పీకరు పెట్టినచో పాటలో సగము వాద్యములు వినబడకపోవును.

కొనుటయా, బాగుచేయించుటయా?

చెడిన ప్రతి స్పీకరును పారవేయ నక్కరలేదు. కోఠీ ప్రాంతమున గుజరాతీ గల్లీ మొదలగు చోట్ల స్పీకర్లు, ఆంప్లిఫయర్లు అమ్ము దుకాణములు వరుసగా నున్నవి. అంచు పట్టీ చిరిగినను, చుట్ట కాలినను, కోను మార్చి ఇచ్చు పనివారు మన నగరములలో ఇప్పటికిని కలరు. అయస్కాంతము, చట్రము చెడనిచో ఇది చవుక. రంధ్రపు కొలత మారదు గనుక పైకప్పును కోయు బాధయు తప్పును. కాని హోం థియేటరు గదిలోని జంటలో ఒకదానికి కోను మార్చినచో దాని స్వరము రెండవదానితో సరిగా కలియకపోవచ్చును. అట్టిచోట రెండింటికిని ఒకేసారి చేయించుటయో, క్రొత్తవి వేయించుటయో మంచిది. హాలులో సన్నని సంగీతమునకు పెట్టినదైనచో ఇంత పట్టింపు అక్కరలేదు.

దించుట, బిగించుట

ఇక నిచ్చెన ఎక్కు పని. ఫాల్సు సీలింగులో స్పీకరు తీగ ఒంటరిగా నుండదు. దాని చుట్టు 230 వోల్టుల దీపాల తీగలు పోవుచుండును. ఆంప్లిఫయరును ఆపిన మాత్రాన చాలదు. ఆ గది దీపాలకు విద్యుత్తు వచ్చు మీటను బోర్డు వద్దనే దించి, ఆ పిమ్మటనే చేయి లోపల పెట్టవలెను. ఇంటి దీపమని ముద్దు పెట్టుకొన్న మీసములు కాలకమానవు. నిచ్చెన పట్టుకొనుటకు ఒక మనిషి క్రింద ఉండవలెను. స్పీకరు తీగయు, దీపాల తీగయు ఒకే గొట్టములో పోవుచున్నట్లు కనబడినచో పని అంతటితో ఆపి ఎలక్ట్రీషియనును పిలిపించి విడదీయించవలెను. దీపాల తీగ పైతొడుగు ఎన్నడైన చెడినచో 230 వోల్టులు స్పీకరు తీగలోనికి, అక్కడినుండి ఆంప్లిఫయరులోనికి వచ్చు అవకాశమున్నది.

జాలీ సామాన్యముగా అయస్కాంతముతో గాని, ఒరిపిడితో గాని నిలిచియుండును. సన్నని కొక్కెముతో అంచున లాగిన ఊడివచ్చును. లోపల మూడో నాలుగో మరలు కనబడును. అవి చట్రమును బోర్డునకు నేరుగా పట్టుకొనునవి కావు. మరను బిగించినప్పుడు చట్రము వెనుకనున్న చిన్న చేయి వెలుపలికి తిరిగి బోర్డును వెనుక నుండి పట్టుకొనును. వదులు చేసినప్పుడు లోపలికి ముడుచుకొనును. అన్ని మరలను కొంచెము కొంచెముగా వదులు చేయుచు, ఒక చేతితో స్పీకరును పట్టుకొనియే యుండవలెను. దాని బరువు రెండు మూడు కిలోలుండవచ్చును. చివరి చేయి ముడువగానే అది నెత్తిమీదికి దిగును.

తీగలను విప్పుటకు ముందు ఏది కూడిక కొసకు, ఏది తీసివేత కొసకు పోవుచున్నదో గుర్తు పెట్టుకొనవలెను. ఎఱుపు కొస ఎఱుపునకు, నలుపు నలుపునకు. ఒక స్పీకరుకు మాత్రము ఇవి తారుమారైనచో అది చెడిపోదు. కాని ఒక కోను ముందుకు వచ్చునప్పుడు రెండవది వెనుకకు పోవును. ఒకదాని గాలిని మరొకటి మింగును. మృదంగము, తబలా గొంతు సన్నగిల్లును. తీగ రాగి పోగులలో ఒక్కటి కూడ ప్రక్క కొసకు తగులకుండ మెలిపెట్టి బిగించవలెను. ఆ ఒక్క పోగు ఆంప్లిఫయరును చంపగలదు. తీగ క్రొత్తగా వేయవలసి వచ్చినచో 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది వాడవచ్చును. 20 మీటర్ల దూరమునకు పోయి వచ్చుటలో దాని నిరోధము సుమారు అర ఓము. 8 ఓముల స్పీకరుకు అది బాధింపదు. అంతకన్న దూరమైనను, 4 ఓముల స్పీకరైనను 2.5 చదరపు మిల్లీమీటర్లది వేయించవలెను.

క్రొత్త చట్రము పాత రంధ్రముకన్న పెద్దదైనచో రంధ్రమును పెంచవచ్చును. కాని బోర్డును మోయు ఇనుప చానలు దారిలో ఉన్నదేమో చేతితో తడిమి చూచిన తరువాతనే రంపము ఎత్తవలెను. చట్రము చిన్నదైనచో చిక్కు. పెంచిన రంధ్రమును తగ్గించుట లేదు గదా. ప్లైవుడ్డుతో వలయము చేయించి, రంగు వేయించి అమర్చవలసి వచ్చును. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల? ముందే కొలత చూచి కొన్నచో ఈ శ్రమ యేదియు లేదు. బిగించునప్పుడు బలప్రయోగము కూడదు. జిప్సం బోర్డు మందము సాధారణముగా 12.5 మిల్లీమీటర్లే, మరను ఎక్కువ త్రిప్పినచో ఆ చేయి బోర్డును నలుపును. బరువైన స్పీకరుకు శ్లాబులోని కొక్కెము నుండి సన్నని ఉక్కు తీగతో అదనపు ఆధారము కట్టించుట వివేకము. తడికి బోర్డు ఎన్నడైన మెత్తబడినను స్పీకరు తల మీద పడదు.

చివరి పరీక్ష

బిగించిన వెంటనే ధ్వనిని పెంచరాదు. అతి తక్కువలో మొదలిడి క్రమముగా పెంచవలెను. హోం థియేటరు గదియైనచో ఆంప్లిఫయరుతో వచ్చిన చిన్న మైకును కూర్చుండు చోట పెట్టి, అమరికను మరల చేయించవలెను. పాత స్పీకరుకు చేసిన లెక్క క్రొత్తదానికి చెల్లదు.

ఆ పిమ్మట హెలికాప్టర్ల చప్పుడుతోను, పేలుళ్లతోను పరీక్షించువారు కలరు. వాటి వలన తెలియునది స్వల్పము. పేలుడు ఎట్లుండవలెనో మన చెవికి ఖచ్చితముగా తెలియదు; కొంచెము వికృతముగా వచ్చినను పేలుడే యనుకొందుము. మనిషి గొంతు సంగతి అట్లు కాదు. పుట్టిననాటి నుండి విన్నది గనుక దానిలో పిసరంత తేడా వచ్చినను చెవి పసిగట్టును. రెండు స్పీకర్లను సమానముగా మ్రోగునట్లు పెట్టి, వాటికి సరిగా నడుమ నిలువబడి, ఆకాశవాణి వార్తలను వినవలెను. చదువువారి గొంతు నడుమ నుండి స్పష్టముగా వచ్చినచో తీగలు సరిగానున్నవి. గొంతు ఎక్కడినుండి వచ్చుచున్నదో తెలియక గది అంతయు పలుచగా వ్యాపించినట్లున్నచో ఒకదాని కొసలు తారుమారైనవి. ఒక స్పీకరు తీగలను మార్చి తగిలించి మరల వినవలెను. ప, బ, మ అను అక్షరములు నిండుగను, స, శ అను అక్షరములు చెవిని కోయక విడివిడిగను వినబడినచో క్రొత్త స్పీకరు మన ఇంటికి కుదిరినదని నమ్మవచ్చును.

ఇంట పెద్దవారున్నచోట ఈ పరీక్షలో వారిని కూర్చుండబెట్టుట మేలని మా అభిప్రాయము. వయసు పైబడినకొలది మొదట తగ్గునది సన్నని స్వరములను వినుశక్తి. అక్షరములను ఒకదాని నుండి ఒకటి వేరుచేయునవి ఆ స్వరములే. స్పీకరులోని చిన్న లోపమును పడుచువారు గమనింపకయే పోవుదురు. పెద్దలకు మాత్రము మాట అర్థము కాదు. అర్థము కానప్పుడు వారు స్పీకరును తప్పుపట్టరు. చెవి పోయినదనుకొని మౌనముగా లేచిపోవుదురు. పైకప్పులోని గుండ్రని జాలీ వెనుక సరియైన ఓములు, సరియైన వాట్లు, సరియైన కొసలు ఉన్నవో లేవో చూచుకొనుట కేవలము యంత్రపు సంగతి కాదు. ఇంటిలోని వారందరు కలిసి కూర్చుండి ఒక మాటను, ఒక పాటను సమానముగా వినగలుగుట దానిమీద ఆధారపడియున్నది.